అడవిలో ఆగిన బండి ఇంట్లోనే చెడిపోయింది

(నర్సీపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం, పాత జీపులు నడిపే యువకులు ఏర్పాటు చేసుకున్న సమావేశంలో విద్యుత్ శాఖ విశ్రాంత ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం.)

అందరికీ నమస్కారం.

నన్ను పరిచయం చేసిన తమ్ముడు ‘సాహసయాత్రలు’ అనే మాట మూడుసార్లు వాడాడు. వేళ్ళ మీద లెక్కపెట్టాను. నిజం చెప్పాలంటే నా బతుకులో సాహసం అనదగ్గది ఒక్కటీ లేదు. సీలేరు, డొంకరాయి, మోతుగూడెం చుట్టుపక్కల కరెంటు తీగల వెంట తిరిగే ఉద్యోగం. జీపు లేకపోతే పని లేదు. మొదట ఆఫీసు జీపు. తర్వాత 1998లో నేనే కొనుక్కున్న జీపు. 1991 మోడల్ ఎమ్‌ఎమ్ 540. అప్పటికే ఇద్దరి చేతులు మారింది. ఇప్పుడు బయట వేపచెట్టు కింద ఉన్నది అదే. ఇందాక మీలో కొందరు దాని పక్కన నిలబడి ఫోటోలు తీసుకున్నారు. సంతోషం. కానీ కింద నేల మీద కారిన నూనెను ఒక్కరూ వంగి చూడలేదు. ఈ సాయంత్రం నేను మాట్లాడేది ఎక్కువగా ఆ నూనె చుక్క గురించే.

ముందు ఒక సంగతి చెబుతాను. బండి కొన్న మరుసటి ఏడాది డిసెంబరులో చింతపల్లి మీదుగా సీలేరు వెళుతున్నాను. గూడెం కొత్తవీధి దాటాక, పొద్దు వాలే వేళ, బండి ఆగిపోయింది. సెల్ఫు కొడితే లేచింది. అయిదు నిమిషాలు నడిచి మళ్ళీ ఆగింది. ఈసారి రెండు నిమిషాలు. ఆ తర్వాత అసలు లేవలేదు. పంపు పోయిందని నిర్ణయానికి వచ్చేశాను. డీజిల్ బండిలో పంపు పోవడమంటే జేబు ఖాళీ కావడమే. చలి మొదలైంది. ఆ ప్రాంతంలో డిసెంబరు చలి ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర లేదు. లంబసింగికి కొర్రబయలు అన్న పేరు ఊరికే రాలేదు. రాత్రి ఆరుబయట ఉంటే తెల్లారేసరికి మనిషి కర్రలా బిగుసుకుపోతాడని కదా దాని అర్థం.

గంట తర్వాత సంత నుంచి తిరిగి వస్తున్న జీపు ఒకటి వచ్చింది. లోపల ఎంతమందో, పైన ఎంతమందో, వెనక వేలాడేవాళ్ళు ఎంతమందో లెక్క తెలియదు. దాని డ్రైవరుకు ఇరవై అయిదేళ్ళు ఉంటాయేమో. దిగి బానెట్టు ఎత్తలేదు. నేరుగా బండి కింద దూరాడు. డీజిల్ ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపును వేళ్ళతో తడిమి, “సార్, ఈ టేపు ఎవరు చుట్టారు?” అన్నాడు. నేనే చుట్టాను. నెల రోజుల కిందట ఆ పైపు చివర చిన్న పగులు కనిపిస్తే, కరెంటు తీగలకు చుట్టే టేపు చుట్టాను. కరెంటు వాడిని కదా, నాకు అన్ని రోగాలకూ అదే మందు.

అతడు పగిలిన చివర రెండంగుళాలు కోసేసి, మిగిలిన పైపును మళ్ళీ ఎక్కించి క్లిప్పు బిగించాడు. ఫిల్టరు మీది బోల్టు వదులు చేసి, చేత్తో ప్రైమరు, అంటే పైపులో చేరిన గాలిని బయటికి తోసే చిన్న చేతిపంపు, కొట్టడం మొదలుపెట్టాడు. మొదట నురగ వచ్చింది. తర్వాత బుడగలు. ఆ తర్వాత స్వచ్ఛమైన డీజిల్ ధార. బోల్టు బిగించాడు. సెల్ఫు కొడితే ఇంజిను ఏమీ జరగనట్టు లేచింది. మొత్తం ఇరవై నిమిషాలు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. వెళుతూ అన్నాడు: “బండి ఇక్కడ చెడిపోలేదు సార్. మీ ఇంట్లోనే చెడిపోయింది. ఇక్కడికి వచ్చి ఆగింది, అంతే.”

పాతికేళ్ళు దాటినా ఆ మాట నా చెవిలో ఉంది. ఆ తర్వాత నేను ఆగిన ప్రతిచోటా దాన్ని పెట్టి చూసుకున్నాను. ఒకటి రెండు తప్ప అన్నీ ఇంట్లో మొదలైనవే.

ఆ పైపు సంగతి కొంచెం విడమర్చి చెప్పాలి, ఎందుకంటే అందులో ఒక మెలిక ఉంది. పగులు ఉంటే డీజిల్ కారాలి కదా, కారకపోతే పగులు లేనట్టే కదా అని మనం అనుకుంటాం. ట్యాంకు నుంచి ఫీడు పంపు దాకా ఉన్న దారిలో డీజిల్‌ను పంపు పీల్చుకుంటుంది. మనం గొట్టం వేసుకుని కొబ్బరినీళ్ళు పీల్చినట్టు. గొట్టానికి చిల్లు పడితే నీళ్ళు బయటికి కారవు, గాలి లోపలికి వస్తుంది. ఇదీ అంతే. నేల మీద ఒక్క చుక్క ఉండదు, ఇంజిను మాత్రం ఆగి ఆగి నడుస్తుంది. ఫీడు పంపు దాటిన తర్వాత పగిలితే కారుతుంది, వాసన వస్తుంది, కనిపిస్తుంది. కాబట్టి కారని చోట కూడా చెయ్యి పెట్టి చూడాలి. రబ్బరు పైపును వేళ్ళతో వంచండి. వంచినచోట సన్నని గీతలు కనబడితే దాని ఆయువు తీరినట్టే. ఆ పైపు ఖరీదు ఒక పూట భోజనమంత ఉండదు.

ఇప్పుడు ఈ జీపుల పుట్టుక గురించి రెండు ముక్కలు. ఎక్కువ చెప్పను, ఈ చరిత్ర మీ ఫోన్లలో నాకంటే బాగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి దాదాపు 6 లక్షల 40 వేల జీపులు తయారుచేశాయి. యుద్ధం అయ్యాక విల్లీస్ వాళ్ళు రైతుల కోసం అదే బండిని మార్చి అమ్మారు. మన దేశంలో మహీంద్రా వాళ్ళు 1947లో విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టారు. 1953లో విల్లీస్ తెచ్చిన సీజే 3బీ అనే మోడల్‌ను అమెరికాలో 1968లో ఆపేసినా, మన దగ్గర అది వేషాలు మార్చుకుంటూ ఇంకా చాలా కాలం నడిచింది. దాని బానెట్టు ఎత్తుగా ఉంటుంది చూశారా? గాలి పీల్చే వాల్వులను సిలిండరు తల మీదికి మార్చిన కొత్త ఇంజిను పాత బానెట్టు కింద పట్టలేదు. అందుకని బానెట్టునే పైకి లేపారు. అందం కోసం చేసిన పని ఎంతమాత్రం కాదు. నా బండిలో ఉన్నది ప్యూజో వాళ్ళ నమూనాలో చేసిన 2112 సీసీ డీజిల్ ఇంజిను. 62 గుర్రాల శక్తి. ఈనాటి చిన్న కారులో అంతకంటే ఎక్కువ ఉంటుంది.

మరి ఇంత తక్కువ శక్తితో కొండ ఎలా ఎక్కుతుంది? గేరు రాడ్డు పక్కన ఇంకో రెండు చిన్న రాడ్లు ఉంటాయి. ఒకటి ముందు చక్రాలకు కూడా పని చెబుతుంది, దాన్నే ఫోర్‌వీలు అంటాం. రెండోది ‘లో’ గేరు. లో వేస్తే ఇంజిను లాగే బలం చక్రాల దగ్గరికి వచ్చేసరికి దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది, వేగం ఆ మేరకు పడిపోతుంది. మనిషి పక్కన నడిచినంత వేగంతో, యాక్సిలేటరు మీద కాలు కూడా పెట్టకుండా, బండి రాళ్ళ మీదుగా పాకుతుంది. కుర్రవాళ్ళు చేసే తప్పు ఇక్కడే. ఎత్తు చూడగానే దూరం నుంచి ఊపుగా వస్తారు. ఊపు మీద వచ్చిన బండి రాయిని కొడుతుంది. మెల్లగా వచ్చిన బండి రాయి ఎక్కుతుంది. కొట్టిన దెబ్బ కమాను కట్టలకు, షాఫ్టు జాయింటు క్రాసుకు, చివరికి మీ నడుముకు తగులుతుంది.

ఇంకో మాట. ఈ జీపుల్లో ముందు ఇరుసు, వెనక ఇరుసు ఫోర్‌వీలు వేసినప్పుడు ఒకే లెక్కన తిరగాలి. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు కొంచెం ఎక్కువ దూరం తిరగాల్సి వస్తుంది. మట్టిలో అయితే ఆ తేడాను చక్రం జారి సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద చక్రం జారదు. ఆ మెలి అంతా గేర్ల మీద పడుతుంది. స్టీరింగు బిగుసుకుపోతుంది, ఫోర్‌వీలు రాడ్డు వెనక్కి రాదు. అప్పుడు కొందరు దాన్ని కాలితో తంతారు. తన్నకండి. బండిని నాలుగడుగులు వెనక్కి పోనిస్తే మెలి వదులుతుంది, రాడ్డు దానంతట అదే వస్తుంది. పెళ్ళి ఊరేగింపులో ఫోర్‌వీలు వేసి తారు రోడ్డు మీద తిప్పిన వాళ్ళను చూశాను. ఎవరో చెప్పను, వాళ్ళలో ఒకరిద్దరు ఈ సభలో ఉన్నారు.

సరే, బండిని కాసేపు పక్కన పెట్టి దారుల దగ్గరికి వద్దాం.

మనం కూర్చున్న ఈ ఊరి నుంచి చింతపల్లి వైపు కొండ ఎక్కే దారి ఉంది. ఆదివారం వస్తే కార్లతో నిండిపోతుంది. మేఘాలు చూడటానికి, ఫోటోలు తీసుకోవడానికి. ఆ దిక్కున తెల్లదొరల కాలంలో దారి ఎలా పడిందో చాలామందికి తెలియదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులను బలవంతంగా రోడ్డు పనికి తోలాడు. కూలి సరిగా ఇవ్వలేదు, ఎదురు చెప్పినవాళ్ళను హింసించాడు. పోడు మీద అడవి చట్టం పెట్టిన ఆంక్షలతో అప్పటికే కాలుతున్న కడుపులు అవి. అల్లూరి సీతారామరాజు వెనక మన్యం కదలడానికి ఉన్న కారణాల్లో ఈ రోడ్డు పని ఒకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద, 23న కృష్ణదేవిపేట మీద, 24న రాజవొమ్మంగి మీద దాడులు జరిగాయి. మూడు రోజుల్లో మూడు చోట్లకు, అడ్డదారుల్లో, కాలినడకన. ఆ దూరాలను నేను జీపులో వెళ్ళి చూశాను. జీపులోనే నడుం పడిపోయింది.

ఆ తర్వాత దారులు వేసింది ఎక్కువగా మా శాఖ అవసరాలే. ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. 1960ల చివర ఎగువ సీలేరు, 1970లలో దిగువ సీలేరు. టర్బైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు అడవిలోకి చేరాలంటే రోడ్డు ఉండాలి. అలా యంత్రాల కోసం వేసిన దారుల మీద తర్వాత మనుషులు నడిచారు. అందుకే ఇప్పటికీ మన్యంలో కొన్ని రోడ్లు ఊళ్ళను వదిలేసి వెళతాయి. డ్యాముకు చక్కటి దారి ఉంటుంది, దాని పక్కన కొండ మీది పల్లెకు కాలిబాటే. ఇప్పుడు రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా 516ఈ జాతీయ రహదారి పడుతోంది. నేను మూడు గంటలు పట్టి వెళ్ళిన చోట్లకు ఇక గంటలో వెళ్ళిపోవచ్చు. పాత దారి పోయిందని కొందరు బాధపడుతుంటారు. నాకు ఆ బాధ లేదు. గర్భిణిని డోలీ కట్టి భుజాల మీద మోసుకొస్తున్న నలుగురిని దారిలో ఎదురుగా చూసిన మనిషికి, రోడ్డు పడితే అందం పోతుందన్న మాట నోటికి రాదు. మీరు ‘ఆఫ్‌రోడ్’ అని ముచ్చటపడే ఆ గుంతల దారి వాళ్ళకు ఆసుపత్రికి వెళ్ళే దారి. వానాకాలంలో సరదాకు చక్రాలు తిప్పి అక్కడ మోకాటి లోతు గాళ్ళు చేసి వచ్చేస్తే, మర్నాడు ఆ గాళ్ళలో దిగబడేది పిల్లలతో వెళ్ళే సర్వీసు జీపు. చేయకండి.

మన కొండల మట్టి గురించి ఒక్క విషయం తెలుసుకుంటే చాలా కష్టాలు తప్పుతాయి. తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండే రాయిని ఖోండలైట్ అంటారు. ఖోండు గిరిజనుల పేరు మీదే ఆ పేరు పెట్టారు. ఎండకూ వానకూ అది తొందరగా కుళ్ళి ఎర్రటి బంకమట్టి అవుతుంది. ఎండాకాలంలో అది గట్టిగా, సిమెంటు నేలలా ఉంటుంది. నాలుగు చినుకులు పడితే పైపొర సబ్బులా మారుతుంది. లోపల గట్టిగా ఉంటుంది, పైన అరంగుళం జారుడు. దిగబడటం కంటే ఇదే ప్రమాదం, ఎందుకంటే బండి పక్కకు, లోయవైపు జారుతుంది. చినుకు మొదలైతే ఆ దారిలో దిగవద్దు. దిగిపోయి ఉంటే ఆగండి. రెండు గంటలు ఎండ కాస్తే అదే దారి మళ్ళీ నడవనిస్తుంది. టైర్లలో గాలి 28 ఉంటే 18కి తగ్గిస్తే నేలను ఎక్కువ పట్టుకుంటాయి. తారు రోడ్డు ఎక్కగానే మళ్ళీ నింపాలి, లేకపోతే టైరు పక్కలు వేడెక్కి చీలతాయి. గాలి తీయడం అందరికీ గుర్తుంటుంది. కొట్టే పంపు మాత్రం ఇంట్లో మరిచిపోతారు.

గెడ్డల సంగతి, అంటే కొండవాగుల సంగతి, దీనికంటే పెద్దది.

ఒక ఆగస్టులో సీలేరు నుంచి తిరుగు ప్రయాణంలో ఒక గెడ్డ దగ్గర ఆగాను. ఉదయం చీలమండ లోతు దాటి వెళ్ళినది, సాయంత్రానికి ఎర్రగా పొంగుతోంది. నేను నిలబడ్డచోట వాన లేదు. ఎగువన ఎక్కడో పడింది. తొందరగా ఇంటికి చేరాలని నాకు ఆత్రం. లో గేరు వేసి దించుదామని ఎక్కి కూర్చున్నాను. అవతల గట్టు మీద కొండదొర పెద్దాయన ఒకరు గొడుగు కింద చుట్ట కాల్చుకుంటూ కూర్చుని ఉన్నారు. చెయ్యి అడ్డంగా ఊపారు. ఏమంటున్నారో హోరులో వినపడలేదు. తర్వాత లేచి, నీటి అంచున ఒక కర్ర గుచ్చి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు. అది చూసి నేనూ ఇవతల ఒక కర్ర గుచ్చాను. అరగంటకు నీరు కర్ర దాటి పైకి వచ్చింది. దించి ఉంటే నేను ఇక్కడ ప్రసంగించేవాణ్ణి కాదు. ఇంకో గంటన్నరకు నీరు కర్రను వదిలి దిగడం మొదలైంది. రంగు ఎరుపు నుంచి టీ రంగుకు మారింది. ఆయన లేచి, పంచె ఎగ్గట్టి, తానే నీటిలో నడిచి ఇవతలికి వచ్చారు. మోకాలి కింద దాకా ఉంది. “ఇప్పుడు నీ బండి వస్తుంది” అన్నారు. కొండ గెడ్డ కొద్దిపాటి మేర కొండవాలు మీద పడిన నీటినే తెచ్చుకుంటుంది. అందుకే పొంగినంత తొందరగానూ దిగుతుంది. గోదావరిలా వారం పట్టదు. రెండు గంటల ఓపిక చాలు. మీరు నడిచి దాటలేని నీటిలో బండిని దించవద్దు. నాకు తెలిసిన సూత్రం ఇంతే.

దాటేటప్పుడు మొదటి గేరు, లో, ఒకే వేగం. మధ్యలో గేరు మార్చకూడదు, క్లచ్చు తొక్కకూడదు. లోతు ఎక్కువైతే ముందే ఫ్యాను బెల్టు వదులు చేయాలి, లేకపోతే ఫ్యాను రెక్కలు నీటిని కోస్తూ వంగి రేడియేటరును చీలుస్తాయి. డీజిల్ బండికి కరెంటు తడిసి ఆగే బెడద పెద్దగా లేదు. కానీ గాలి పీల్చే దారిలోంచి నీరు ఇంజినులోకి వెళితే మాత్రం అంతే సంగతులు. గాలిని నొక్కవచ్చు, నీటిని నొక్కలేం. పిస్టను పైకి రాలేదు, కనెక్టింగు రాడ్డు వంగిపోతుంది. నీటిలో బండి ఆగితే ఏడుపు వచ్చినా సరే సెల్ఫు కొట్టకండి. తాడు కట్టి లాగండి.

అందరూ ఇక్కడితో కథ అయిపోయిందనుకుంటారు. అసలు కథ గట్టు ఎక్కాక మొదలవుతుంది. ఘాట్ రోడ్డు ఎక్కి వేడెక్కిన హౌసింగు, అంటే ఇరుసు మధ్య గేర్లు ఉండే డబ్బా, చల్లటి నీటిలో మునగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది. బయటి నీటిని సీళ్ళ సందుల్లోంచి లోపలికి లాక్కుంటుంది. హౌసింగుకు గాలి పీల్చుకోవడానికి చిన్న బ్రీదరు ఉంటుంది. అది మట్టితో మూసుకుపోయి ఉంటే నీరు తప్పకుండా లోపలికే వస్తుంది. ఆ బ్రీదరును మీలో ఎంతమంది చూశారు? చేతులెత్తండి. (నలుగురు చేతులెత్తారు.) నేనూ ఏడేళ్ళు చూడలేదు. ఒకసారి పాడేరు వైపు రెండు మూడు గెడ్డలు దాటి వచ్చి, బండి కడిగించి, శుభ్రంగా షెడ్డులో పెట్టాను. పది రోజుల తర్వాత తీస్తే ముందు కుడి చక్రం దగ్గర కుక్క మూలిగినట్టు చప్పుడు. విప్పితే హబ్బు బేరింగులో గ్రీజు బదులు కాఫీ రంగు పులుసు ఉంది. బేరింగు గుండ్లకు తుప్పు గుంతలు. బండి నడుస్తుండగా చెడలేదు. కదలకుండా షెడ్డులో ఉన్న పది రోజుల్లో చెడింది. ఆ డ్రైవరు మాట అక్షరాలా నిజమైంది.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. లోతైన నీరు దాటి వచ్చిన మర్నాడు హౌసింగు కింది బోల్టు కొంచెం వదులు చేస్తాను. నీరు నూనె కంటే బరువు కనుక ముందు అదే వస్తుంది. వచ్చినది పాలు కలిపినట్టు ఉంటే మొత్తం తీసేసి కొత్త 90 నంబరు గేరాయిలు పోస్తాను. గేరు డబ్బాకు కూడా ఇదే పరీక్ష. హబ్బులు విప్పి పాత గ్రీజు కిరసనాయిలుతో కడిగి కొత్తది ఎక్కిస్తాను. ఆదివారం సగం రోజు పోతుంది. మా ఆవిడ దీన్ని ‘ఆబ్దికం’ అంటుంది. అననివ్వండి.

ఘాటు దిగడం గురించి తప్పక చెప్పాలి. ఈ బండ్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. బ్రేకు మీద కాలు ఆన్చి కిందికి దిగితే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, లోపలి నుంచి దాన్ని ఒరిసి పట్టే బ్రేకు షూలకు దూరం జరుగుతుంది. షూల మీది లైనింగు పట్టు వదిలేస్తుంది. బ్రేకాయిలు పాతదైతే అందులో చేరిన తేమ ఆవిరై, పెడలు తొక్కితే దూది తొక్కినట్టు నేల దాకా వెళుతుంది. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు. ఇంజినే బండిని పట్టి ఉంచాలి, బ్రేకు అప్పుడప్పుడూ చెయ్యి వేయాలి, అంతే. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాటులో న్యూట్రల్ చేసి దిగితే డీజిల్ మిగులుతుందనే మహానుభావులు ఉన్నారు. మిగిలిన డీజిల్‌తో వాళ్ళు ఏం చేసుకుంటారో నాకు తెలియదు. బ్రేకాయిలు రెండేళ్ళకోసారి మార్చండి. అది గాలిలోని తేమను పీల్చుకునే రకం, బండి కదలకపోయినా పాతదవుతుంది.

మీలో చాలామంది అడిగే ప్రశ్న స్టీరింగు వణుకు. యాభై, అరవై వేగంలో గుంత తగలగానే ముందు చక్రాలు పిచ్చిపట్టినట్టు అటూ ఇటూ కొట్టుకుంటాయి. మెకానిక్కు దగ్గరికి వెళితే స్టీరింగు డ్యాంపరు వేయమంటాడు. వేస్తే వణుకు తగ్గుతుంది, రోగం దాక్కుంటుంది. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. ఆడితే హబ్బు బేరింగో, చక్రం పక్కకు తిరిగే కీలు అయిన కింగ్ పిన్ బేరింగో వదులైంది. కింగ్ పిన్ దగ్గర షిమ్ములనే పలచటి రేకులు ఉంటాయి, ఒకటి తీస్తే బిగుతు వస్తుంది. ఆ తర్వాత టై రాడ్డు చివర్లు, కమాను బుష్‌లు, టైర్ల బ్యాలెన్సు. ఒకటే కారణం ఎప్పుడూ ఉండదు. నాలుగు చోట్ల కొంచెం కొంచెం వదులు కలిస్తే ఆ వణుకు. నా బండిలో మూడు నెలలు పట్టింది. చివరికి దొరికింది ఏమిటంటే, కమాను కట్టను ఇరుసుకు బిగించి ఉంచే యూ బోల్టు నట్లు. ఒక్క పానాతో అయ్యే పని.

కమాను పట్టీ అడవిలో విరిగితే ఏం చేయాలి? పెద్ద పట్టీ విరిగితే ఇరుసు వెనక్కి జరిగి బండి పక్కకు లాగుతుంది. ఛాసిస్‌కూ ఇరుసుకూ మధ్య తగిన మందం కర్ర దుంగ పెట్టి, గొలుసుతోనో నైలాన్ తాడుతోనో ఇరుసును ముందుకు లాగి కట్టి, పదిహేను వేగంలో వెళ్ళవచ్చు. నేను అలా ముప్పై కిలోమీటర్లు వచ్చాను. ఎలా ఉందని అడగకండి. బయలుదేరే ముందు కమాను పట్టీల మధ్య తుప్పు గీత కోసం చూస్తే ఈ యోగం పట్టదు.

నీళ్ళ విషయంలో మన మెకానిక్కులతో నాకు పాత పేచీ ఉంది. ఇంజిను వేడెక్కుతోందంటే మొదట చేసే పని థర్మోస్టాట్ పీకి పారేయడం. అది ఇంజిను చల్లగా ఉన్నప్పుడు నీటిని ఆపి, ఎనభై డిగ్రీల దగ్గర వదిలే తలుపు. తలుపు పీకేస్తే చలికాలం ఉదయాల్లో ఇంజిను వేడెక్కదు. డీజిల్ పూర్తిగా కాలదు, తెల్లపొగ వస్తుంది, సిలిండర్లు తొందరగా అరుగుతాయి. వేడెక్కడానికి అసలు కారణం రేడియేటరు గొట్టాల్లో పేరుకున్న చిలుము, జాలీలో ఇరుక్కున్న గడ్డిగింజలు, రబ్బరు చచ్చిన మూత. బోరు నీళ్ళు పోసి పోసి పెంచుకున్న చిలుము అది. కూలెంట్ పోయండి. ఈ ఒక్క విషయంలో నా మాట వినండి, మిగతావి వినకపోయినా ఫరవాలేదు.

కాగితాల గురించి క్లుప్తంగా. పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషను రెన్యువల్ చేయించాలి. నా బండికి నాలుగుసార్లు అయింది. బండి కొనేముందు ఇంజిను నంబరు, ఛాసిస్ నంబరు పుస్తకంలో ఉన్నవాటితో స్వయంగా సరిచూసుకోండి. బండి రూపాన్ని కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. పంజాబు నుంచి తెచ్చిన మెరుపుల జీపు చూసి మురిసిపోయే ముందు ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. పాపికొండలు 2008 నుంచి జాతీయ ఉద్యానవనం. అడవి లోపలి దారులకు అటవీశాఖ అనుమతి తప్పనిసరి. చెక్‌పోస్టులో డిక్కీ తీసి చూపించమంటే చిరాకుపడకండి, ఆ తనిఖీలకు కారణాలు మీకు తెలుసు.

బండిలో ఏం ఉండాలని ఇందాక ఒకరు చీటీ పంపారు. ఒక ఫ్యాను బెల్టు, డీజిల్ ఫిల్టరు ఒకటి, రెండు మూరల డీజిల్ పైపు, రేడియేటరు హోసులు, క్లిప్పులు, అరలీటరు బ్రేకాయిలు, జాకీ కింద పెట్టడానికి ఒక చెక్క పలక. పలక లేని జాకీ మట్టిలో తానే దిగిపోతుంది, బండి అక్కడే ఉంటుంది. వీటికంటే ముఖ్యం, ఇవన్నీ బిగించడం ఇంటి దగ్గర పగటిపూట ఒకసారైనా చేసి ఉండటం. రాత్రి, వానలో, టార్చిలైటు నోట్లో పెట్టుకుని మొదటిసారి నేర్చుకోవడం కుదరదు. నేర్చుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

పాత బండే గొప్పదని నేను అనను. మా అబ్బాయి కొత్త బండిలో నాకంటే హాయిగా, ఏసీ వేసుకుని వెళ్ళివస్తాడు. నా బండిలో వెనక కూర్చున్న వాళ్ళు దిగాక కాసేపు మాట్లాడరు. కానీ నా బండి ఆగితే చింతపల్లిలోనో సీలేరులోనో దాన్ని బాగుచేసే చెయ్యి ఒకటి ఉంటుంది. సంత జీపులు నడిచినంత కాలం వాటి భాగాలు, వాటిని విప్పిన వేళ్ళు అక్కడ ఉంటాయి. ఆ జీపులు కూడా తగ్గిపోతున్నాయి, ఆటోలు వచ్చేశాయి. సామాను కోసం ఇప్పుడు విజయవాడ ఆటోనగర్ దాకా వెళుతున్నాను. అక్కడి కొట్లలోనూ అసలు ఏదో నకిలీ ఏదో తెలుసుకోవడానికి పాత భాగాన్ని సంచిలో వేసుకుని వెళ్ళి పక్కపక్కన పెట్టి చూసుకోవలసిందే.

ఇంకా చెప్పాలని ఉంది కానీ చీకటి పడితే బయట కనపడదు. బండి కింద కారుతున్న నూనె ఎక్కడిదో నేను చెప్పను, మీరే వెతకండి. వెనక హౌసింగా, గేరు డబ్బానా, ఇంజినా? వేలితో తాకి, రంగు చూసి, వాసన చూసి చెప్పాలి. పాత గోనెసంచులు రెండు తెచ్చాను, పరుచుకుని పడుకోండి. తెల్లచొక్కా వేసుకున్న తమ్ముళ్ళు కాస్త దూరంగా నిలబడండి.